ఏ గోడకు ఏ పొద్దు

అలంపురం నవబ్రహ్మ గుళ్ళన్నిటిదీ తూర్పు ముఖం. అందుకని మాపటేళ కెమెరా పట్టుకొని వచ్చినవాడికి గుడి ముందు వైపు దక్కదు. వాటిలో స్వర్గబ్రహ్మ గుడి శిఖరానికి ముందు పొడుచుకొచ్చిన శుకనాసి మీద, గవాక్షపు చట్రంలో నాట్యమాడే శివుడు పొద్దుటి వెలుగుకు చెందినవాడు. పొద్దు వాలేసరికి ఆయన వెనక ఆకాశం ఎర్రబడుతుంది, ఆయన మాత్రం నీడలోకి పోతాడు. సాయంత్రానికి అందేది పడమటి గోడ. దానితోపాటు, కాలాన్ని బట్టి, దక్షిణపు గోడో ఉత్తరపు గోడో.

ఈ లెక్క మా స్టూడియోలో ఒక పాత క్యాలెండరు అట్ట వెనక రాసి ఉండేది. మా నాయన గద్వాలలో ఫోటోలు తీసి బతికినవాడు. పెళ్ళిళ్ళు, పాస్‌పోర్టు సైజులు, బడిపిల్లల గ్రూపు ఫోటోలు అయిపోయాక రోల్లో మిగిలిన ఫిల్మును గుళ్ళ కోసం దాచుకునేవాడు. ఆ అట్ట మీద పెన్సిలుతో మూడే వరుసలు. మార్గశిరం, పుష్యం: దక్షిణపు గోడ. జ్యేష్ఠం, ఆషాఢం: ఉత్తరపు గోడ. ఉగాదికి ముందు, దసరాకు ముందు: పడమటి గోడ ఒక్కటే. డిసెంబరులో పొద్దు నైరుతి వైపు జరిగి ఆరు లోపే గూకుతుంది. అప్పుడు వెలుగు దక్షిణపు గోడను ఒరుసుకుంటూ పోతుంది. జూన్‌లో వాయవ్యం వైపు జరిగి ఏడుకు కాస్త ముందు గూకుతుంది. అప్పుడు ఉత్తరపు గోడ వంతు. పగలూ రాత్రీ సమానమైన రోజుల్లో సూర్యుడు నేరుగా పడమటనే దిగుతాడు కాబట్టి పక్క గోడలకు దాదాపు ఏమీ అందదు. ఆషాఢంలో మొగులు కమ్ముకుంటే ఆ ఏటికి ఉత్తరపు గోడ పోయినట్టే. మళ్ళీ ఏడాది దాకా ఆగాలి. ఆయన ఆగేవాడు.

మధ్యాహ్నం అదే గోడ ముందు నిలబడండి. ఎండ నెత్తి మీది నుంచి పడుతుంది. ఎర్రటి ఇసుకరాయి అంతా ఒకటే రంగుగా, పల్చగా కనిపిస్తుంది. దిక్పాలకుడు ఉన్నాడని తెలుస్తుంది గాని అతని నడుము ఎక్కడ వంగిందో, ఆ వంపుకు బరువు ఏ కాలి మీదికి పోయిందో తెలియదు. అతను నిలబడ్డ కోష్ఠం పక్కన అర్ధస్తంభాల మీద చెక్కిన సన్నని లతలు రాయిలో కలిసిపోతాయి. చాళుక్యుల కాలపు శిల్పి వాటిని లోతుగా తవ్వలేదు. పొద్దు వాలి, వెలుగు గోడ వెంట అడ్డంగా పాకినప్పుడు ప్రతి చిన్న ఉబ్బుకూ ఒక పొడవాటి నీడ పుడుతుంది. ఉలి ఎక్కడ మొదలై ఎక్కడ ఎత్తారో అప్పుడు కనబడుతుంది. ఆకాశంలో తేలిపోయే గంధర్వుల మోకాళ్ళ మడత, వెనక్కి ఎగిరే వస్త్రపు అంచు, కంఠంలో పూస పూసా విడివిడిగా నిలబడతాయి. మా నాయన మాటల్లో చెప్పాలంటే, "మొగులు పట్టిన పొద్దు వద్దు బిడ్డా. నెత్తి మీది పొద్దు అస్సలే వద్దు. రాయి మొగం కనపడాల్నంటే ఏటవాలు పొద్దే కావాలె."

ఆ గోడలను కట్టిన కాలం గురించి కొంచెం చెప్పాలి. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ నేలను మేం నడిగడ్డ అంటాం. తుంగభద్ర ఇక్కడ ఉత్తరానికి పారి, కొంత దూరాన కృష్ణలో కలుస్తుంది. ఏడో శతాబ్దంలో ఇది బాదామి చాళుక్యుల చేతిలో ఉండేది. స్వర్గబ్రహ్మను వినయాదిత్యుడి కాలంలో, అంటే 681, 696 సంవత్సరాల మధ్య, రాణి అయిన మహాదేవి పేరిట లోకాదిత్య ఏల అరస కట్టించాడని శాసనం చెబుతున్నది. పేర్లన్నీ బ్రహ్మవే అయినా తొమ్మిదీ శివాలయాలే: తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ. ఇందులో తారకబ్రహ్మ ఒక్కటే దక్షిణాది పద్ధతి విమానం. మిగతా ఎనిమిదింటికీ ఉత్తరాది నాగర శిఖరాలు. దక్కను నడిమధ్యలో ఇన్ని నాగర శిఖరాలు ఒక్కచోట నిలవడం అబ్బురం. బాలబ్రహ్మలో పూజ ఈనాటికీ ఆగలేదు. అక్కడ సాయంత్రం గంట మోగుతుంది, పక్కనున్న షా అలీ పహిల్వాన్ దర్గా వైపు నుంచి మగ్రిబ్ అజాన్ వినిపిస్తుంది. ఫోటో తీసేవాడికి ఆ రెండూ గడియారాలు. అజాన్ మొదలైందంటే నేరుగా పడే వెలుగు అయిపోయింది, ఇక ఆకాశపు వెలుగుతోనే పని.

ఆ గుళ్ళను కట్టినవాళ్ళకు వెలుగు ఎంత ముఖ్యమో గోడలకు పెట్టిన జాలకాలు చెబుతాయి. గర్భగుడి చుట్టూ లోపలే ప్రదక్షిణ దారి ఉంటుంది. ఆ దారికి వెలుగు ఇచ్చేవి రాతిని తొలిచి చేసిన ఆ కిటికీలే. పడమటి కిటికీ నుంచి దిగే పొద్దు లోపలి గోడ మీద రాతి అల్లికను నీడగా పరుస్తుంది. ఆ నీడ నేల మీది నుంచి గోడ ఎక్కి, పైకి జరిగి, పలచబడిపోతుంది. బయటి శిల్పం కోసం ఎన్నోసార్లు వచ్చినవాళ్ళు కూడా ఈ లోపలి బొమ్మను చూడకుండా పోతారు. నా మటుకు నేను అలంపురంలో మొదట చూడవలసింది అదేనంటాను.

ఇంత గొప్ప గుళ్ళ ఫోటోలు లోకానికి ఆలస్యంగా అందాయి. దీనికి కారణం కళ కాదు, సరిహద్దు. బొంబాయి ఫిరంగి దళంలో కెప్టెన్ అయిన థామస్ బిగ్స్ 1855లో సర్కారు ఫోటోగ్రాఫరుగా నియమితుడై బీజాపురం, బాదామి, ఐహొళె, పట్టదకల్లు తిరిగాడు. కాగితపు నెగటివుల మీద ఆ గుళ్ళను ఎక్కించాడు. 1866లో ఆ బొమ్మలు లండన్‌లో పుస్తకంగా వచ్చాయి. మెడోస్ టేలరు, జేమ్స్ ఫెర్గుసన్ వాటికి వ్యాఖ్య రాశారు. అప్పటి నుంచి చాళుక్య శిల్పం అంటే ఐహొళె, పట్టదకల్లు ఉన్న మలప్రభ ఒడ్డు అని లోకానికి అలవాటైంది. అదే రాజులు, అదే కాలంలో తుంగభద్ర ఒడ్డున కట్టించిన గుళ్ళు నిజాం రాజ్యంలో, రాయచూరు జిల్లాలో ఒక మూలన ఉండిపోయాయి. సికింద్రాబాదులో స్టూడియో పెట్టి ఆరో నిజాంకు ఆస్థాన ఫోటోగ్రాఫరైన రాజా దీన్‌దయాళ్ వంటి దిట్ట ఉన్న రాజ్యమే అది. అయినా ఆ నైపుణ్యమంతా ఎక్కువగా దర్బారులకూ వేటలకూ మహళ్ళకూ ఖర్చయింది.

మార్పు 1914లో వచ్చింది. హైదరాబాదు రాజ్యంలో పురావస్తు శాఖ ఏర్పడి, గులాం యజ్దానీ దానికి అధిపతి అయ్యాడు. అజంతా చిత్రాలను 1930 నుంచి 1955 దాకా నాలుగు భాగాలుగా ఫోటోలతో సహా అచ్చువేయించినవాడు ఆయనే. ఆ శాఖ ఏటా నివేదికలు వేసేది. వాటిలో కొలతలు, శాసనాలు, ప్లాన్లతోపాటు ఫోటోల పేజీలు ఉండేవి. గాజుపలక మీద తీసిన ఫోటోలో రాతి వివరం చెక్కు చెదరదు. అయితే శాఖ వాళ్ళకు కావలసింది అన్నీ సమానంగా కనిపించడం. నీడ ఎక్కువైతే కొలత చిక్కదు. అందుకని ఆ కాలపు ఫోటోలు ఎక్కువ భాగం పగటిపూట, పరుచుకున్న వెలుగులో తీసినవి. అవి లేకపోతే మనకు చరిత్ర లేదు, ఆ ఋణం తీరేది కాదు. కాని వాటిని చూసి శిల్పి చేతిని పోల్చుకోవడం కష్టం.

శిల్పి చేతి కోసం నీడను వెతికినవాళ్ళు వేరే ఉన్నారు. లండన్‌లో పుస్తకాలమ్మిన ఫ్రెడరిక్ ఎవాన్స్ ఆ అంగడి మానేసి చర్చిల లోపలి వెలుగు కోసం రోజుల తరబడి కాచుకునేవాడు. 1903లో వెల్స్ కెథెడ్రల్‌లో అరిగిపోయిన మెట్ల మీద ఆయన తీసిన ఫోటో ఈనాటికీ పాఠం. మన వైపు, స్టెల్లా క్రామ్రిష్ 1946లో హిందూ దేవాలయం మీద రెండు సంపుటాల పుస్తకం తెచ్చినప్పుడు దానికి ఫోటోలు తీసింది స్విట్జర్లాండు వాడు రేమండ్ బర్నియే. ఆ ఫోటోల్లో రాయికి చర్మం ఉన్నట్టు ఉంటుంది. మా నాయన ఈ ఇద్దరి పేర్లూ వినలేదు. ఆయనకు తెలిసిన పెద్దమనిషి అలంపురంలోనే ఉండేవాడు.

ఆ పెద్దమనిషి గడియారం రామకృష్ణశర్మ. 1919లో పుట్టి, 2006లో పోయాడు. అలంపురం గుళ్ళ చరిత్రను తెలుగులో చదువుకోగలుగుతున్నామంటే ఆయన చలవ. శాసనాలు చదివాడు, శిథిలాల మీద పుస్తకం రాశాడు, 1953లో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలను ఆ చిన్న ఊరికి రప్పించాడు. కాళోజీ "నా గొడవ"ను శ్రీశ్రీ ఆవిష్కరించింది ఆ సభల్లోనే. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళలో అలంపురం పోతుందన్నప్పుడు ఊరి కోసం నిలబడ్డ గొంతుల్లో ఆయనది ముందు వరుస. ఆయన ఆత్మకథ "శతపత్రము"కు మరణానంతరం కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. నడిగడ్డలో ఫోటో తీసేవాడైనా పద్యం రాసేవాడైనా ఆ పుస్తకం చదవకుండా అలంపురం గేటు దాటకూడదని నా అభిప్రాయం.

ఇక మా నాయన పని తీరు. ఆయన కెమెరా యాషికా 635. నూట ఇరవై నంబరు రోలుకు పన్నెండు ఫోటోలు. ఫిల్ము ఆర్వో, అది దొరకనప్పుడు అప్పట్లో ఊటీలో తయారైన ఇందు. పొద్దు గూకాక మిగిలే మసక వెలుగులో ఆ ఫిల్ముకు చాలాసేపు తెరిచి ఉంచాలి. పైగా అలా ఎక్కువసేపు తెరిచిన కొద్దీ ఫిల్ము మందగిస్తుంది. మీటరు రెండు సెకన్లంటే నాలుగో అయిదో ఇవ్వాలి. షట్టరును 'బి' మీద పెట్టి, కేబుల్ నొక్కి పట్టుకొని, లోపలే లెక్కపెట్టేవాడు. ఒకటి, రెండు అని కాదు. గద్వాల కోటలోని చెన్నకేశవుడి పేరును మెల్లగా ఒకసారి తలిస్తే ఒక సెకను. అయిదు చెన్నకేశవులకు కేబుల్ వదిలేవాడు. అలా తలుచుకున్నంతసేపూ ఊపిరి కూడా నెమ్మదించేది. దాన్ని ధ్యానం అని ఆయన ఎన్నడూ అనలేదు. నేను పక్కన నిలబడి చూసినవాణ్ణి కాబట్టి అంటున్నాను. నేను ఈనాటికీ డిజిటల్ కెమెరాతో కూడా ఆ పేరుతోనే లెక్కపెడతాను.

రక్షిత కట్టడాల్లో చేతి కెమెరాకు అడ్డులేదు గాని స్టాండు పెట్టాలంటే ముందుగా అనుమతి కావాలి. అందుకే మా ఇంట్లో జొన్నలు పోసి కుట్టిన చిన్న గుడ్డసంచి ఉండేది. దాన్ని మెట్టు మీదో అరుగు మీదో పెట్టి, అందులోకి కెమెరాను కుదేస్తే కదలదు. సంచిని చెక్కడం ఉన్న రాయి మీద పెట్టనిచ్చేవాడు కాదు. వెలుగు ఎలా ఉన్నా సరే, చెక్కిన రాతికి ఏదీ ఆనించకూడదు, నూనె చేయి తగలకూడదు, మసిబొగ్గుతో గీతలు దిద్దకూడదు, నీళ్ళు చల్లి రంగు తేల్చకూడదు. ఈ నాలుగూ నేను ఫోటోలు నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజే చెబుతాను. ఆ తర్వాతే అపర్చరు, ఫోకసు.

కావలివాడు వచ్చి "సారూ, పొద్దుగూకె. గేటెయ్యాల" అంటాడు. ఇంకా వెలుగు ఉందని మనకు తెలుసు, చీకటి పడ్డదని అతనికి తెలుసు. మా నాయన మారుమాట లేకుండా సంచి తీసుకొని లేచేవాడు.

ఇంతవరకూ చెప్పింది కదలని గుళ్ళ సంగతి. మా జిల్లాల్లో గుళ్ళు కదిలాయి.

శ్రీశైలం ఆనకట్టకు 1963 జులై 24న నెహ్రూ పునాదిరాయి వేశాడు. ఆనకట్ట లేచే కొద్దీ కృష్ణా తుంగభద్రల ఒడ్డున మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల ఊళ్ళకు నోటీసులు వచ్చాయి. 1981 వేసవిలో ఇళ్ళు కూలగొట్టి జనాన్ని లేపేశారు. నూటికి పైగా ఊళ్ళు, లక్షకు పైగా మనుషులు. ఆ ఊళ్ళతోపాటు వాటి గుళ్ళు. మనుషులకు జరిగినదాని మీద రాయవలసింది చాలా ఉంది, రాసినవాళ్ళూ ఉన్నారు. గుళ్ళ విషయంలో పురావస్తు శాఖలు చేసిన పని ఒకటి నేను మనసారా మెచ్చుకుంటాను: వీలైనన్నిటిని విప్పి, ఎత్తు మీదికి తెచ్చి, మళ్ళీ కట్టారు.

ఆ పని ఫోటోతోనే మొదలవుతుంది. ముందు గుడి ప్రతి ముఖాన్నీ ఫోటో తీస్తారు, కొలిచి బొమ్మ గీస్తారు. ప్రతి రాతికీ రంగుతో అంకె వేస్తారు. అదే అంకె ఫోటో మీదా బొమ్మ మీదా ఉంటుంది. తర్వాత శిఖరం నుంచి కిందికి విప్పుతూ వస్తారు. లారీల్లో కొత్త చోటికి చేర్చి, పునాది నుంచి పైకి పేరుస్తారు. ఆ దశలో నేల మీద రాళ్ళ వరుసలు తప్ప గుడి అనేది ఎక్కడా ఉండదు. ఉన్నది ఫోటోలో మాత్రమే. అందం కోసం తీసిన ఫోటోకు వెలుగు తక్కువైతే ఒక సాయంత్రం పోతుంది. ఈ ఫోటోలో ఒక మూల మసకబారితే ఒక రాయి దారి తప్పుతుంది.

కూడవెల్లి సంగమేశ్వరం అలా వచ్చిందే. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట, ఎత్తయిన పీఠం మీద ఉండేది. ఇప్పుడు అలంపురంలో, నది కనబడని చదునైన మైదానంలో ఉంది. పాపనాశి గుళ్ళదీ అదే కథ. తొమ్మిది, పదకొండు శతాబ్దాల మధ్య కట్టిన ఇరవైకి పైగా చిన్నా పెద్దా గుళ్ళు, మెట్లుమెట్లుగా లేచే కప్పులతో, ఊరికి నైరుతిన కొత్త చోట గుంపుగా నిలబడ్డాయి. అలంపురం ఊరికి మాత్రం అడ్డుకట్ట వేసి నవబ్రహ్మలను ఉన్నచోటనే కాపాడారు. 2009 అక్టోబరు వరదలో ఆ కట్టా ఆగలేదు. కర్నూలుతోపాటు అలంపురంలోకీ నీళ్ళు వచ్చాయి.

మా నాయన కూడవెల్లి గుడిని విప్పకముందు తీశాడు. ఆ నెగటివులు నా దగ్గర ఉన్నాయి. వాటిని ఇప్పటి గుడి పక్కన పెట్టి చూస్తే రాళ్ళు అవే, కోష్ఠాలు అవే, శిఖరం అదే. వెలుగు వేరు. కూడవెల్లిలో సాయంత్రపు ఎండ గోడకు నేరుగా ఒకసారి, నీళ్ళ మీద పడి మళ్ళీ ఒకసారి తగిలేది. ఆ రెండో వెలుగు కింది నుంచి వస్తుంది కాబట్టి పీఠం మీది చెక్కడాలూ చూరు అడుగు భాగమూ నీడలో కూడా తెలిసేవి. మైదానంలో ఆ కింది వెలుగు లేదు. ఇప్పుడు పొద్దు గూకాక పీఠం త్వరగా నల్లబడుతుంది. గుడిని రాయి రాయిగా మోసుకొచ్చినవాళ్ళ శ్రద్ధకు నేను దండం పెడతాను. నదిని మోసుకురావడం ఎవరి చేతా కాదు. ఏటవాలు వెలుగు ఇంకో సంగతి కూడా చూపిస్తుంది. విప్పి కట్టిన గోడలో రాతికీ రాతికీ మధ్య అతుకు పగలు కనబడదు. మాపటేళ ఆ అతుకుల వెంట సన్నని నీడగీత పడుతుంది. నాకు ఆ గీత లోపంలా అనిపించదు. ఆ గుడి చరిత్రలో అది తాజా శాసనం. దాన్ని ఫోటోలోంచి తుడిచేయకూడదు.

నాగర్‌కర్నూలు వైపు కృష్ణ ఒడ్డున సోమశిల, జటప్రోలు, మంచాలకట్ట. ఈ ఊళ్ళ గుళ్ళూ నీళ్ళకు భయపడి గట్టెక్కినవే. సోమశిలలో సోమేశ్వరుడి గుళ్ళ గుంపు ఇప్పుడు జలాశయాన్ని చూస్తూ ఎత్తు మీద ఉంది. ఇక్కడ నది నీళ్ళు దూరమవలేదు, ఇంకా వెడల్పయ్యాయి. అందుకే సోమశిల సాయంత్రం అలంపురం సాయంత్రంలా ఉండదు. కొండల వెనక పొద్దు దిగాక కూడా నీళ్ళు కాసేపు వెలుగును పట్టి ఉంచుతాయి. జటప్రోలు మదనగోపాలస్వామి సురభి వారి ఇలవేల్పు. "చంద్రికా పరిణయం" రాసిన సురభి మాధవరాయలు తన కావ్యాన్ని ఆ స్వామికే అంకితమిచ్చాడు. ఆ గుడిది విజయనగర పద్ధతి. స్తంభాల పలకల మీద చిన్న చిన్న బొమ్మలు. ఇలాంటి మండపంలో బయటి వరుస స్తంభాలకు పొద్దు నేరుగా తగులుతుంది. లోపలి వరుసలకు నేల మీద పడి తిరిగి లేచిన వెలుగే దిక్కు. తొందరపడి బయటి స్తంభాల ఫోటోలు తీసుకొని పోయేవాళ్ళు చాలామంది. లోపల కూర్చుంటే, కన్ను అలవాటు పడిన కొద్దీ, ఒక్కొక్క బొమ్మ బయటికి వస్తుంది.

నీళ్ళ పక్కన ఉన్న గుడి ఇంకొకటి వనపర్తి జిల్లా శ్రీరంగాపురంలో ఉంది. వనపర్తి రాజులు శ్రీరంగాన్ని తలచి కట్టించిన రంగనాయకస్వామి గుడి, పక్కన రంగసముద్రం చెరువు. అక్కడ అందరూ గోపురాన్ని నీడతో సహా చెరువులో తీస్తారు. మంచి ఫోటోనే. గోపురం మీది పని చూడాలంటే మాత్రం చెరువుకు వీపు పెట్టాలి.

గద్వాల, నాగర్‌కర్నూలు, వనపర్తి, ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరులో విడివిడిగా ఏర్పడ్డాయి. అంతకుముందు అన్నీ పాలమూరే, అంటే మహబూబ్‌నగర్ జిల్లానే. ఆ పాలమూరులో స్టూడియో అంటే పెళ్ళి ఫోటోల అంగడి మాత్రమే కాదు. మునిగిన ఊళ్ళ నుంచి లేచిపోయిన వాళ్ళు ఇప్పటికీ వస్తుంటారు. ఒక పెద్దామె, నడుం వంగిపోయింది, మనవడి బండి మీద వచ్చి, "అన్నా, నీ తాన మా పాత ఊరి గుడి ఫోటో ఉన్నదంట గదా, ఒక్కసారి చూపియ్యవా" అన్నది. నెగటివు చూపిస్తే తెలుపు నలుపులు తారుమారై ఆమెకు తెలియలేదు. ప్రింటు కడిగి ఇచ్చాను. ఆమె గోపురాన్ని చూడలేదు, శిల్పాన్ని చూడలేదు. ఫోటో మూలకు ఒక చెట్టు కొమ్మ, దాని కింద బండ ఉన్నాయి. ఆ బండ మీద వేలు పెట్టి, "మా పెండ్లప్పుడు ఈడనే కూసున్నం" అన్నది. గుడిని తరలించారు. బండను ఎవరు తరలిస్తారు? అందుకే నేను గుడి ఫోటో తీసినప్పుడల్లా బిగుతుగా ఒకటి, చుట్టూ ఉన్నదంతా వచ్చేలా ఒకటి తీస్తాను. రెండోది కళగా ఎవరికీ నచ్చదు. తీయక తప్పదు.

ఇప్పుడు అందరి చేతిలోనూ ఫోను ఉంది. అది మంచిదే. మా నాయన ఒక రోలు కోసం కర్నూలుకు మనిషిని పంపిన రోజులు నాకు తెలుసు. అయితే ఫోనుకు ఒక గుణం ఉంది. చీకటిని చూస్తే ఊరుకోదు. నాలుగైదు ఫోటోలు కలిపి నీడలన్నిటినీ తెల్లబరుస్తుంది. మనుషుల ముఖాలకు అది మేలు. పొద్దు వాలిన గోడకు అది కీడు, ఎందుకంటే అక్కడ ఉలి రాసిందంతా నీడలోనే ఉంది. నైట్ మోడ్ ఆపేయండి. ఫ్లాష్ ఆపేయండి. తెర మీద వెలుగు ఎక్కువగా ఉన్నచోట వేలు పెట్టి, దాన్ని కిందికి జరపండి. నీడ నీడగా ఉండనివ్వండి. రంగు కూడా ఆలోచించి వాడండి. ఎర్రటి రాతి మీద సాయంత్రపు ఎండ పడితే గోడంతా బంగారం అవుతుంది, చూసినవాళ్ళు ఆ బంగారాన్నే మెచ్చుకొని శిల్పాన్ని వదిలేస్తారు. నలుపు తెలుపులో ఆ మోహం ఉండదు.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవి. నేర్చుకున్నా రానివి కూడవెల్లిలో నీళ్ళ మీది నుంచి లేచిన ఆ రెండో వెలుగు, పాత జటప్రోలు వీధి, పాత సోమశిల మెట్లు. వాటిని 1981కి ముందు తీసినవాళ్ళు తీశారు, అంతే. ఆ ఫోటోలు దఫ్తరుల్లో ఉన్నవి ఉన్నాయి. ఇళ్ళల్లో ఎక్కువ ఉన్నాయి. పెళ్ళి ఆల్బముల్లో, ట్రంకు పెట్టెల అడుగున, మూతపడిన స్టూడియోల అటకల మీద ఉన్నాయి. బూజు పట్టిన నెగటివులను పాత సామాన్లవాళ్ళకు తూకానికి వేసినవాళ్ళు నాకు తెలుసు.

మీ ఇంట్లో కూడవెల్లి గాని, పాత సోమశిల గాని, జటప్రోలు, మంచాలకట్ట గాని, నీళ్ళలో కలిసిన ఇంకే ఊరు గాని వెనక కనబడే ఫోటో ఒక్కటున్నా దయచేసి పారేయకండి. నెగటివు ఉంటే ప్లాస్టిక్ కవరులోంచి తీసి కాగితపు కవరులో, తేమ తగలని చోట పెట్టండి. ప్రింటు వెనక బాల్‌పెన్ను వద్దు, మెత్తటి పెన్సిలుతో ఊరి పేరు, తీసిన ఏడు, అందులో ఉన్న మనుషుల పేర్లు రాయండి. ఊరి పెద్దవాళ్ళు బతికి ఉండగానే రాయించండి. తర్వాత దాన్ని రెండు వైపులా స్కాన్ చేయించి, ఒక ప్రతిని మీ ఊరి గ్రంథాలయానికి, ఒక ప్రతిని అలంపురం మ్యూజియానికి ఇవ్వండి.